వాన కబురు పడగానే పట్టుకునే అప్లికేషన్‌ను ఎలా కట్టాలి

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు మంచినీళ్ల కోసం, పడవ కోసం జనం సోషల్ మీడియాలో మొరపెట్టుకున్నారు. అలాంటి మొర రాజకీయ వాదనల మధ్య, సినిమా కబుర్ల మధ్య పడితే గంటల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. పోస్టు పడిన కొన్ని సెకన్లకే దాన్ని ఏరి పక్కకు తీసే అప్లికేషన్‌ను మీరే కట్టుకోవచ్చు. పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు రాయడం, ఒక లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసుకోవడం తెలిస్తే చాలు.

కనెక్షన్ తెరిచి పోస్టులు రాబట్టడం ఒక పూట పని. శ్రమంతా తెలుగు మాటను గుర్తుపట్టడంలోనే ఉంది. ఇంగ్లిషు కోసం రాసిన పాఠాలను చూసి కట్టిన ఫిల్టర్లు బోల్తా పడేది అక్కడే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

పోస్టులు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

ఒకప్పుడు ఈ విద్య నేర్చుకునేవాళ్లంతా ట్విట్టర్‌తో మొదలుపెట్టేవారు. 2023లో ఆ సంస్థ ఉచిత ఏపీఐకి, అంటే మన ప్రోగ్రామ్ అక్కడి పోస్టులను తెచ్చుకునే దారికి, స్వస్తి పలికింది. అదే ఏడాది రెడిట్ కూడా రుసుము పెట్టింది. నేర్చుకునేవారికి ఈరోజు అన్నిటికన్నా తెరిచి ఉన్న తలుపు ట్విట్టర్ లాంటి వేదిక బ్లూస్కై. అక్కడి బహిరంగ పోస్టులన్నీ ఏటీ ప్రోటోకాల్ మీద ఒకే ప్రవాహంగా బయటికి వస్తాయి. దాన్ని ఫైర్‌హోస్ అంటారు. అసలు ఫైర్‌హోస్ బైనరీ రూపంలో ఉంటుంది, విప్పడం కొంచెం కష్టం. జెట్‌స్ట్రీమ్ అనే సేవ అదే సమాచారాన్ని జేసన్‌గా, అంటే చదవగలిగే పాఠంగా మార్చి, వెబ్‌సాకెట్ అనే తెరిచి ఉంచే కనెక్షన్ ద్వారా ఇస్తుంది. ఖాతా తెరవక్కర్లేదు, కీ అడగక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. బ్లూస్కై నడిపే పబ్లిక్ సర్వర్లు నాలుగున్నాయి, రెండు అమెరికా తూర్పున, రెండు పడమరన. వాటి చిరునామాలు జెట్‌స్ట్రీమ్ గిట్‌హబ్ పేజీలో దొరుకుతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంకా ఎక్స్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలోనే ఉన్నారు. బ్లూస్కైలో తెలుగు పోస్టులు తక్కువ. అయినా అక్కడే మొదలుపెట్టమంటాను. ఎందుకంటే ఫిల్టర్‌ను మూలం నుంచి విడిగా రాసుకుంటే, రేపు మీకు వేరే వేదిక నుంచి అనుమతి దొరికినప్పుడు ఆ భాగాన్ని యథాతథంగా తీసుకెళ్లి అక్కడ అమర్చవచ్చు. అందుకోసం, ఎక్కడి నుంచి వచ్చిన పోస్టునైనా ముందుగా ఒకే అచ్చులోకి మార్చే చిన్న ఫంక్షన్ రాయండి: గుర్తింపు సంఖ్య, రాసినవారు, పాఠం, సమయం, లింకు. ఫిల్టర్‌కు ఈ ఐదూ తప్ప మరేమీ తెలియకూడదు. నిబంధనలు ఒప్పుకోని వేదికల పేజీలను దొంగదారిన గీరి తెచ్చుకునే పని మాత్రం పెట్టుకోకండి.

ప్రవాహాన్ని తెరవడం

వెబ్‌సాకెట్స్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయండి. జెట్‌స్ట్రీమ్ సర్వరు చిరునామా చివర సబ్‌స్క్రైబ్ అన్న దారిని, దాని తర్వాత వాంటెడ్ కలెక్షన్స్ (ఏ రకం రికార్డులు కావాలి) అనే పారామీటర్‌ను చేర్చి, మీకు పోస్టులు మాత్రమే కావాలని చెప్పండి. ఈ పారామీటర్ మరిచిపోతే లైకులు, ఫాలోలు, రీపోస్టులు అన్నీ వచ్చి పడతాయి. వాటితో మీకు పని లేదు.

మొదటిరోజు ఫిల్టర్ జోలికి పోవద్దు. వచ్చిన ప్రతి సందేశాన్నీ తెరమీద ముద్రించి, పది నిమిషాలు కూర్చుని చూడండి. సెకనుకు పదుల కొద్దీ పోస్టులు పరుగెడతాయి. ఒకదాన్ని ఆపి లోపల ఏముందో చదవండి. డిడ్ అన్నది రాసినవారి శాశ్వత గుర్తింపు. టైమ్ అన్నది మైక్రోసెకన్లలో ఉండే 16 అంకెల సంఖ్య. కమిట్ లోపల ఆపరేషన్ ఉంటుంది. అది సృష్టించడమా, మార్చడమా, తొలగించడమా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. ఆర్‌కీ అన్నది ఆ రాసినవారి పోస్టుల్లో ఈ పోస్టును గుర్తించే పేరు. రికార్డ్ లోపల టెక్స్ట్ ఉంటుంది, అదే మనకు కావలసిన పాఠం. దాని పక్కనే లాంగ్స్ అనే జాబితా కనిపిస్తుంది.

ఆ లాంగ్స్‌ను చూడగానే భాష తేల్చే పని అయిపోయిందనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. అది రాసినవారి యాప్‌లో ఏ భాష ఎంచుకుని ఉంటే అదే చెబుతుంది. ఇంగ్లిషు అని పెట్టుకుని ఏళ్ల తరబడి తెలుగులో రాసేవారు ఎందరో ఉంటారు. భాషను పాఠంలోని అక్షరాల నుంచే తేల్చాలి.

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, దశాంశంలో 3072 నుంచి 3199 వరకు. పాఠంలోని ఒక్కో అక్షరం సంఖ్యను చూసి, ఈ హద్దుల్లో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఐదో ఆరో ఉంటే తెలుగు పోస్టుగా తీసుకోవచ్చు. మనవాళ్లు ఇంగ్లిషు మాటలు, లింకులు, హ్యాష్‌ట్యాగులు కలిపి రాస్తారు కాబట్టి మూడొంతులు తెలుగే ఉండాలన్న షరతు పెడితే మంచి పోస్టులు జారిపోతాయి.

మాటను గుర్తుపట్టడం

ఇక్కడ తొందరపడవద్దు. 'వాన' అన్న మాట కోసం వెతుకుతున్నామనుకుందాం. పాఠంలో ఆ మూడు సంకేతాలు, అంటే వ, ఆ దీర్ఘం, న వరుసగా ఉన్నాయా అని అడిగితే ఏమవుతుందో చూడండి. 'ఆహ్వానం'లో ఉన్నాయి. 'జవాను'లోనూ ఉన్నాయి. పెళ్లి ఆహ్వానాలు, సరిహద్దులో జవాన్ల వార్తలు వాన కబుర్ల పెట్టెలోకి వచ్చి చేరతాయి. కాబట్టి మాట మధ్యలో కాకుండా మొదట్లో ఉంటేనే ఒప్పుకోవాలి. అలా చేస్తే 'వానలు', 'వానకు', 'వానల్లో' అన్నీ దొరుకుతాయి. తెలుగులో విభక్తులు వెనక చేరతాయి కాబట్టి మొదలు పట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

అయితే మాటలను విడగొట్టడంలోనే ఒక గొయ్యి ఉంది. పాఠంలో నమూనాలను వెతకడానికి పైథాన్‌తో వచ్చే రీ లైబ్రరీలో మాటను పట్టుకునే సిద్ధ గుర్తు (\w) గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. 'తెలుగు' అని ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. 'వర్షం' అయితే 'వర', 'ష' అవుతుంది. దాన్ని వాడకండి. ఖాళీల దగ్గర, విరామ చిహ్నాల దగ్గర కోయండి. లేదా 3072 నుంచి 3199 వరకు ఉన్నవన్నీ కలిసి ఉన్నంతసేపూ ఒకే మాట అని మీరే నియమం రాసుకోండి. రీజెక్స్ అనే వేరే లైబ్రరీ ఉంది, అది గుణింతాలను సరిగానే చూస్తుంది.

కోసే ముందు పాఠాన్ని శుభ్రం చేయాలి. ఇందుకు ఒకే ఫంక్షన్ రాసి, పోస్టుకూ మీ మాటల జాబితాకూ రెండింటికీ దాన్నే వర్తింపజేయండి. అందులో మూడు పనులు ఉండాలి.

మొదటిది, ఒకేలా కనిపించే అక్షరాలను ఒకటి చేయడం. ఐత్వాన్ని 3144 అనే ఒక్క సంకేతంతో రాయవచ్చు. 3142, 3158 అనే రెండు సంకేతాలు పక్కపక్కన పెట్టీ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేరు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ ఫంక్షన్‌కు ఎన్‌ఎఫ్‌సీ అన్న పద్ధతి ఇస్తే ఒకే రూపానికి వస్తాయి.

రెండోది, కనిపించని అక్షరాలను తీసేయడం. 'హైదరాబాద్‌లో' అని పొల్లు నిలిపి రాయాలంటే పొల్లు తర్వాత 8204 సంఖ్య గల కనిపించని అక్షరం పెట్టాలి. అది పెట్టకపోతే 'హైదరాబాద్లో' అని ద కింద లావత్తు వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఊరి పేర్ల దగ్గర ఈ తేడా అడుగడుగునా ఎదురవుతుంది. 8204నూ దాని తోడైన 8205నూ పోల్చే ప్రతిలో నుంచి తొలగించండి. చూపించే ప్రతిని మాత్రం రాసినవారు రాసినట్టే ఉంచండి. ఈ చిన్న అక్షరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం వార్త మీకు గుర్తుండే ఉంటుంది. జకు ఞ వత్తు చేరిన ఆ కూర్పులో దీర్ఘానికి ముందు ఇదే 8204 ఉంది. దాన్ని సరిచేస్తూ ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

మూడోది, వర్ణక్రమం తేడాలను సర్దడం. 'నీళ్ళు', 'నీళ్లు' రెండూ రాస్తారు. 'వాళ్ళు', 'వాళ్లు' కూడా అంతే. ళకు ళావత్తు ఉన్నచోటల్లా లావత్తుగా మార్చేస్తే ఒక్క వరుస కోడ్‌తో వందల తేడాలు పోతాయి. 'తుఫాను', 'తుఫాన్', 'తుపాను', 'తుపాన్' లాంటివి మాత్రం జాబితాలో విడివిడిగా రాసుకోవాల్సిందే. తుపాన్ల పేర్లయితే మరీ ఇబ్బంది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానును కొన్ని పత్రికలు 'మిచాంగ్' అని, కొన్ని 'మిగ్‌జాం' అని రాశాయి. పేరు ప్రకటించిన రోజే నాలుగైదు పత్రికలు తెరిచి, ఎవరు ఎలా రాస్తున్నారో చూసి అన్నీ చేర్చుకోవడం మేలు.

శుభ్రం అయ్యాక కూడా మొదలు పట్టుకునే పద్ధతి రెండువైపులా తప్పుతుంది. 'వాన'తో 'వానరం', 'వానపాము' వస్తాయి. 'వరద'తో 'వరదరాజులు' వస్తారు. 'వర్ష'తో 'వర్షిణి' వస్తుంది. ఇలాంటివాటికి మినహాయింపుల జాబితా పెట్టండి. రెండోవైపు 'గాలివాన', 'వడగళ్లవాన', 'అకాలవర్షం' జారిపోతాయి, ఎందుకంటే వాటి మొదలు వేరు. వాటిని విడిగా రాసుకోండి. సమాసాలు ఎన్నో ఉన్నాయి కానీ వాన గురించి నిజంగా వాడేవి పాతిక ముప్ఫైకి మించవు.

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసేవారి సంగతి వేరు. ఒక్క 'వాన'నే మూడు నాలుగు రకాలుగా రాస్తారు, వాటిలో కొన్ని వేరే భాషల్లో మనుషుల పేర్లు. మొదటి విడతలో దాన్ని వదిలేయండి. తర్వాత చేర్చినప్పుడు, పక్కన మన ఊరి పేరు కూడా ఉంటేనే ఒప్పుకునేలా షరతు పెట్టండి.

మార్కులు వేయడం

ఇంతదాకా వచ్చినవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. అన్నిటికన్నా అవసరమైన పోస్టులో వాన, వర్షం, వరద అన్న మాటలే ఉండకపోవచ్చు. "సింగ్‌నగర్‌లో నడుము లోతు నీళ్లు, పిల్లలకు పాలు కూడా దొరకడం లేదు" అని ఒకరు రాశారనుకోండి. ఇంట్లోకి నీళ్లు వచ్చినవారు తమ కష్టం చెబుతారు తప్ప వాతావరణ నివేదిక రాయరు. అటువైపు "విశాఖలో సిక్సర్ల వర్షం" అన్న పోస్టులో వర్షమూ ఉంది, ఊరూ ఉంది, నీటిచుక్క లేదు. ఒకే మాట ఉందా లేదా అన్న ప్రశ్నతో ఈ రెండింటినీ విడదీయలేరు.

అందుకని మార్కులు వేయండి. 'అల్పపీడనం', 'వాయుగుండం', 'కుండపోత', 'నడుము లోతు', 'మోకాలి లోతు' వంటి గట్టి మాటలకు మూడు. 'వాన', 'వర్ష', 'వరద', 'నీళ్లు', 'మునిగి', 'పడవ' వంటి మామూలు మాటలకు ఒకటి. ఊరు, వాగు, నది, కాలనీ పేరు ఉంటే రెండు. అంకె పక్కన 'సెం.మీ.' లేదా 'మి.మీ.' ఉంటే రెండు. వర్షానికో వానకో ముందు 'సిక్సర్ల', 'ప్రశంసల', 'కాసుల', 'ఓట్ల' అని ఉంటే రెండు తగ్గించండి. మొత్తం మూడు దాటినా, సరిగ్గా మూడే వచ్చినా పోస్టును తీసుకోండి. సింగ్‌నగర్ పోస్టుకు ఆరు వస్తాయి. సిక్సర్లకు ఒకటే వస్తుంది. "విజయవాడలో వాన" అన్నది మూడుతో బయటపడుతుంది. 'నడుము లోతు' వంటి రెండు మాటల కూర్పులను మాటలుగా కోయకముందే మొత్తం పాఠంలో వెతకాలని మరవకండి. 'మోకాల్లోతు', 'మోకాళ్ల లోతు' అనీ రాస్తారు, వాటినీ చేర్చండి.

ఊళ్ల జాబితాను తయారుచేసేటప్పుడు జిల్లాలతో ఆగిపోవద్దు. వరద వచ్చినప్పుడు జనం రాసేది కాలనీ పేరు, వంతెన పేరు, వాగు పేరు. 'మూసీ' చేర్చేటప్పుడు జాగ్రత్త. చివర దీర్ఘం లేకుండా 'మూసి' అని రాసేవారూ ఉన్నారు కానీ 'తలుపు మూసి' కూడా అదే. 'మూసి' తర్వాత 'నది', 'వంతెన', 'పరివాహక' వంటి మాట వస్తేనే మార్కులు ఇవ్వండి.

ఈ అంకెలు నేను చెప్పానని అలాగే ఉంచుకోవద్దు. ఒక వానరోజు వచ్చిన తెలుగు పోస్టులన్నీ దాచి, వాటిని మీరే చదివి, కావలసినవాటికి ఒక గుర్తు, అక్కర్లేనివాటికి ఒక గుర్తు పెట్టండి. ఆ తర్వాత ఫిల్టర్ చేత అవే చదివించి, ఎక్కడ మీతో విభేదించిందో చూడండి. అనవసరంగా పట్టినవి తెరమీద కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి వాటిని అందరూ సరిచేస్తారు. జారిపోయినవి కనిపించవు. అందుకే రెండు మార్కులు వచ్చి ఆగిపోయిన పోస్టులను వేరే ఫైలులో దాచుకుని రోజూ ఒకసారి తిరగేయండి. మీ జాబితాకు రావలసిన కొత్త మాటలు అక్కడే దొరుకుతాయి. సహాయక బృందం కోసం కడుతుంటే హద్దును తగ్గించి నాలుగు అనవసరపు పోస్టులను భరించండి, ఒక్క మొర జారిపోవడం కన్నా అది నయం.

తెగినా ఆగకుండా

కనెక్షన్ తెగుతుంది. కరెంటు పోతుంది, సర్వరు మారుతుంది, ఇంటర్నెట్ ఊగుతుంది, అందులోనూ మీకు అప్లికేషన్ అవసరమైన రోజే ఇవన్నీ ఎక్కువ. వెబ్‌సాకెట్స్ లైబ్రరీలో కనెక్ట్‌ను మామూలు పద్ధతిలో కాక అసింక్ ఫర్ లూప్‌లో పెడితే, తెగినప్పుడల్లా విరామం పెంచుకుంటూ తనే మళ్లీ కలుపుకుంటుంది.

మధ్యలో పోయిన పోస్టులను రాబట్టడానికి కర్సర్, అంటే ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో చెప్పే సంఖ్య ఉంది. చివరగా చూసిన సందేశంలోని టైమ్ సంఖ్యను కొన్ని సెకన్లకోసారి డిస్కు మీద రాసుకోండి. మళ్లీ కలిపేటప్పుడు అందులోంచి ఐదు సెకన్లు, అంటే 50 లక్షల మైక్రోసెకన్లు తగ్గించి కర్సర్‌గా ఇవ్వండి. జెట్‌స్ట్రీమ్ అక్కడి నుంచి మళ్లీ వినిపిస్తుంది. కొన్ని పోస్టులు రెండుసార్లు వస్తాయి, ఫరవాలేదు. ఏరిన పోస్టులను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు పట్టికలో దాచి, డిడ్, ఆర్‌కీ రెండూ కలిపి ప్రాథమిక తాళంగా (ప్రైమరీ కీ) పెడితే రెండోసారి వచ్చినది తనంతట తనే తిరస్కరణకు గురవుతుంది.

తెలుగు పోస్టులు తక్కువ కాబట్టి గంటసేపు ఏమీ రాకపోతే, నిజంగానే ఎవరూ రాయలేదా, అప్లికేషన్ చచ్చిపడి ఉందా అన్నది తెలియదు. అందుకే ఏరిన పోస్టుల సంఖ్యతోపాటు మొత్తం చూసిన పోస్టుల సంఖ్యను కూడా నిమిషానికోసారి లాగ్‌లో రాయించండి. మొత్తం సంఖ్య పెరగడం ఆగితే కనెక్షన్‌ను మీరే తెంచి మళ్లీ కలపాలి. లినక్స్ మీద సిస్టమ్‌డీ సేవగా నడిపి, అందులో రీస్టార్ట్ అమరిక పెడితే ప్రోగ్రామ్ పడిపోయినా తిరిగి లేస్తుంది. ఈ మాత్రం పనికి పాత ల్యాప్‌టాప్ చాలు. భారీ సందేశ ప్రవాహాలను మోసే కాఫ్కా వంటి పెద్ద సామగ్రి ఈ దశలో అక్కర్లేదు.

బయటికి పంపడం

మొదట టెలిగ్రామ్ బాట్‌తో పంపండి. బాట్లు తయారుచేసిపెట్టే టెలిగ్రామ్ సొంత బాట్ బాట్‌ఫాదర్ దగ్గర ఒకటి చేసుకుంటే టోకెన్ (రహస్య సంకేతం) ఇస్తాడు, దాంతో సందేశం పంపడానికి నాలుగు వరుసల కోడ్ సరిపోతుంది. ఒకే చాట్‌కు సెకనుకు ఒకటికి మించి పంపవద్దని, గ్రూపుకైతే నిమిషానికి 20 దాటవద్దని టెలిగ్రామ్ చెబుతోంది. ఏరే పని వేగంగా జరుగుతుంది, పంపే పని నెమ్మదిగా జరుగుతుంది. రెండింటి మధ్య అసింకియో క్యూ, అంటే సందేశాలు వరసలో ఆగే చోటు పెట్టి, పంపే పనిని వేరే టాస్క్‌గా నడపండి. లేకపోతే టెలిగ్రామ్ జవాబు కోసం ఆగినంతసేపూ పోస్టులు చదవడం కూడా ఆగిపోతుంది. వాన ఉద్ధృతంగా ఉన్న రోజు నిమిషానికి ఒకే సందేశంలో అన్నీ గుదిగుచ్చి పంపండి.

పంపే ప్రతి సందేశంలో అసలు పోస్టు లింకు, సమయం ఉండాలి. 'ధ్రువీకరించనిది' అన్న మాట కూడా ఉండాలి. ఫిల్టర్ మాటలను చూస్తుంది, నిజాన్ని కాదు. ప్రతి వరదలోనూ పాత వీడియోలు మళ్లీ తిరుగుతాయి. ఎక్కడికైనా పడవ పంపే ముందు ఒక మనిషి ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.

ఎవరైనా తమ పోస్టును తొలగిస్తే జెట్‌స్ట్రీమ్ ఆ సంగతి కూడా చెబుతుంది. ఆ సందేశంలో పాఠం ఉండదు, డిడ్, ఆర్‌కీ మాత్రమే ఉంటాయి. ఆ రెండింటితో మీ పట్టికలో వెతికి ఆ వరుసను చెరిపేయండి. సాయం అందాక చాలామంది తమ చిరునామా, ఫోన్ నంబరు ఉన్న పోస్టును తీసేస్తారు. మీ దగ్గర అది మిగిలిపోకూడదు. ఎవరూ తొలగించకపోయినా ఒక వారం దాటినవాటిని చెరిపే పనిని రాత్రిపూటకు పెట్టండి.

ఇదంతా కుదురుకున్నాక, మీరు ఏరినవాటిని బ్లూస్కైలోనే ఒక ఫీడుగా అందరికీ చూపించవచ్చు. అందుకు హెచ్‌టీటీపీఎస్ ఉన్న సొంత డొమైన్ కావాలి. ఎవరైనా మీ ఫీడు తెరిచినప్పుడు బ్లూస్కై మీ సర్వరును అడుగుతుంది, మీరు పోస్టుల చిరునామాల జాబితా ఇస్తే చాలు. పాఠం, బొమ్మలు యాప్ తనే తెచ్చుకుంటుంది. ముందు at:// పెట్టి, డిడ్, కలెక్షన్ పేరు, ఆర్‌కీ మూడూ ఏటవాలు గీతలతో (/) కలిపితే ఆ చిరునామా తయారవుతుంది, కలెక్షన్ పేరు పోస్టులన్నిటికీ ఒకటే, మిగతా రెండూ ఇప్పటికే మీ పట్టికలో ఉన్నాయి. బ్లూస్కై టైప్‌స్క్రిప్ట్‌లో ఇచ్చిన నమూనా ప్రాజెక్టును చూసి, అందులోని సర్వరు భాగాన్ని పైథాన్‌లో రాసుకోండి.